మత్తు డోసు పెంచితే మెదడులో కనెక్టివిటీ పెరిగిందేంటి?

ప్రశ్న: ఎలుకల్లో రెస్టింగ్ స్టేట్ ఎఫ్ఎమ్ఆర్ఐ (ఏ పనీ చేయించకుండా, రక్తప్రవాహ మార్పులను బట్టి మెదడు చురుకుదనాన్ని చూసే స్కాన్) చేస్తున్నాం. పీల్చే మత్తుమందు ఐసోఫ్లురేన్ 1 శాతం దగ్గర కుడి, ఎడమ సోమటోసెన్సరీ కార్టెక్స్ (మెదడు పైపొరలో స్పర్శను గ్రహించే భాగం) రెండూ చక్కగా జతగా కనిపించాయి. 2 శాతానికి పెంచితే ఈ జతకట్టడం, అంటే కనెక్టివిటీ, తగ్గుతుందనుకుంటే, మ్యాప్‌లో కార్టెక్స్ మొత్తం ఒకే రంగు! డేటా పాడైందా? గైడ్‌కి చూపించాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: పాడవలేదు లెండి. కాకపోతే దాన్ని కనెక్టివిటీ అనడానికి తొందరపడకండి. ఆ డోసులో ఎలుక మెదడు సాధారణంగా బర్స్ట్ సప్రెషన్‌లోకి జారుతుంది. ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల రికార్డు) చూస్తే తెలిసిపోతుంది: గీత కాసేపు దాదాపు చదునుగా ఉంటుంది, ఉన్నట్టుండి పెద్ద అలల గుంపు ఒకటి లేస్తుంది, మళ్లీ చదును. ఆ బర్స్ట్ కార్టెక్స్ అంతటా ఇంచుమించు ఒకేసారి వస్తుంది, దాని వెనకాలే రక్తప్రవాహమూ పెరుగుతుంది. సభంతా ఒక్కసారిగా చప్పట్లు కొడుతుంటే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ఏం తెలుస్తుంది? కొరిలేషన్ (సిగ్నళ్లు కలిసి పెరిగి తగ్గడం) మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది. పైగా ఐసోఫ్లురేన్ రక్తనాళాలను వెడల్పు చేస్తుంది కాబట్టి, సిగ్నల్‌లో మార్పంతా న్యూరాన్లదే అనుకోలేం.

ప్రశ్న: గ్లోబల్ సిగ్నల్ రిగ్రెషన్ (మెదడంతటి సగటు సిగ్నల్‌ను లెక్కలోంచి తీసేయడం) చేసేస్తే ఈ ప్రభావం పోతుందా?

జవాబు: కొంత పోతుంది. కానీ లేని నెగటివ్ కొరిలేషన్లు పుట్టుకొచ్చే ప్రమాదముంది. చేసి, చేయకుండా రెండు ఫలితాలూ పక్కపక్కన చూపించండి. అదే డోసులో స్కానర్ బయట ఈఈజీ తీసినా మీ వాదనకు బలం వస్తుంది.

మరొకరు: మేం మెడెటోమిడిన్ (ఇంకో మత్తుమందు) ఇన్ఫ్యూజన్‌కి 0.5 శాతం దాకా ఐసోఫ్లురేన్ కలుపుతాం, బర్స్ట్ సప్రెషన్ బెడద తక్కువ. అయితే మెడెటోమిడిన్ గుండె వేగం తగ్గిస్తుంది, రక్తనాళాలను కుదిస్తుంది. కెటమైన్ అనే మత్తుమందు దారి ఇంకా వేరు: న్యూరాన్లు సందేశాలు అందుకునే ఎన్ఎమ్‌డీఏ రిసెప్టర్లను అడ్డుకుంటుంది, వేగంగా ఊగే గామా తరంగాలు పెరుగుతాయి. వేర్వేరు మందుల మ్యాపులను నేరుగా పోల్చకండి.

జవాబు: అవునండీ. ఇంకోటి, సగటు మ్యాపుతో ఆగిపోకండి. ప్రొపోఫోల్ మత్తుమందు ఇచ్చిన మకాక్ కోతులపై 2015లో వచ్చిన పనిలో అసలు తేడా కాలంతో పాటు బయటపడింది. మెలకువలో నెట్‌వర్కులు రకరకాల రూపాలకు మారుతూ పోయాయి, మత్తులో ఎక్కువసేపు నరాల భౌతిక వైరింగ్‌ను పోలిన రూపానికే అతుక్కుపోయాయి. మీ 1 శాతం డేటాలో స్లైడింగ్ విండో (చిన్న కాల ముక్కను ముందుకు జరుపుతూ లెక్కించడం) పెట్టి చూడండి. ఆ రన్లలో శరీర ఉష్ణోగ్రత, కార్బన్ డయాక్సైడ్ రీడింగులు ఉంటే ఇక్కడ పెట్టండి, చూద్దాం.