ధ్రువ ప్రాంతాల పాఠం మంచు కరగడంతోనే మొదలుకావాలా?

చర్చ ప్రారంభం: ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయిని

తొమ్మిది, పదేళ్ల పిల్లల కోసం ధ్రువ ప్రాంతాల పాఠాన్ని మేము కొందరు ఉపాధ్యాయులం కలిసి కొత్తగా రాసుకుంటున్నాము. పాఠంలో ఏమేమి ఉండాలన్న విషయంలో పెద్దగా పేచీ రాలేదు గానీ, దేనితో మొదలుపెట్టాలన్న దగ్గర రెండు పక్షాలుగా చీలిపోయాము. ధ్రువాల వద్ద మంచు కరిగిపోతోందన్నదే ఈ తరం పిల్లలు అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసిన సంగతి అనీ, మిగిలినదంతా దాని చుట్టూ అల్లాలనీ ఒక పక్షం వాదిస్తోంది. ఆ వయసులో అంత బరువైన విషయం ఎత్తకూడదనీ, జంతువుల గురించీ అన్వేషకుల గురించీ చెప్పి, వాతావరణ మార్పును పై తరగతులకు వదిలేయాలనీ రెండో పక్షం అంటోంది. నాకు రెండూ పూర్తిగా మింగుడుపడడం లేదు. పిల్లలకు పాఠం చెప్పిన అనుభవం ఉన్నవారూ, ఈ శాస్త్రాన్ని చదివినవారూ తమ అభిప్రాయాన్ని కారణాలతో సహా రాయవలసిందిగా కోరుతున్నాను.

ఉన్నత పాఠశాల సైన్సు ఉపాధ్యాయుడు

నేను మొదటి పక్షమే. ఆర్కిటిక్ సముద్రపు మంచును ఉపగ్రహాలు 1979 నుంచి ఎడతెగకుండా కొలుస్తున్నాయి. వేసవి ముగిసే సెప్టెంబరు నాటికి మిగిలే మంచు విస్తీర్ణం దశాబ్దానికి సుమారు 12 శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది. 2012 సెప్టెంబరులో దాదాపు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. తెల్లని మంచు తనమీద పడిన సూర్యకాంతిలో అధిక భాగాన్ని వెనక్కి పంపుతుంది, దాని కింద ఉన్న నల్లని నీరు అదే కాంతిని దాదాపు అంతా పీల్చుకుంటుంది. కాబట్టి కొంత మంచు పోతే ఆ పోవడమే మరికొంత మంచు పోవడానికి కారణమవుతుంది. దక్షిణాన చూస్తే, 2022లో అంటార్కిటికాను ఆనుకుని ఉన్న బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రం అంచున తెలిసిన అయిదు ఎంపరర్ పెంగ్విన్ స్థావరాలలో నాలుగింటి కింద, పిల్లలకు నీటిని తట్టుకునే ఈకలు రాకముందే మంచు విరిగిపోయింది. ఆ నాలుగు చోట్లా ఆ ఏటి పిల్లలు ఒక్కటీ బతికి ఉండవని పరిశోధకులు నిర్ధారణకు వచ్చారు.

ఇవి తెలిసి కూడా, పెంగ్విన్ ఎంత ముద్దుగా నడుస్తుందో చెప్పి పుస్తకం మూసేస్తే పిల్లలకు సగం నిజమే చెప్పినట్టు అవుతుంది. ఆ రెండో సగం వాళ్లకు ఎలాగూ ఫోనులో కనిపిస్తుంది, అదీ విడమరచి చెప్పే పెద్దవాళ్లు పక్కన లేనప్పుడు. తరగతి గదిలో మన నోటి నుంచి వినడమే మంచిది.

హిమశాస్త్రం చదువుతున్న విద్యార్థిని

సైన్సు ఉపాధ్యాయుడు గారు రాసిన వాస్తవాలలో ఒక్కటి కూడా నేను కాదనడం లేదు. అయితే ఆ వాస్తవాలు అర్థం కావాలంటే పిల్లలకు ముందుగా తెలిసి ఉండవలసినవి కొన్ని ఉన్నాయి, మన పాఠాలు సాధారణంగా దాటేసేవి కూడా అవే. ఉత్తర ధ్రువం దగ్గర ఉన్నది నేలలు చుట్టుముట్టిన సముద్రం, దక్షిణ ధ్రువం దగ్గర ఉన్నది సముద్రం చుట్టుముట్టిన ఖండం. ధ్రువపు ఎలుగుబంటినీ పెంగ్విన్‌నూ ఒకే మంచుగడ్డ మీద నిలబెట్టిన బొమ్మలు చూస్తూ పెరిగిన పిల్లలకు ఈ తేడా ఎవరూ చెప్పరు. అది తెలియకుండా “మంచు కరుగుతోంది” అని చెబితే, ఏ మంచు అన్న ప్రశ్నే వాళ్లకు తట్టదు.

నేను బడి పిల్లలతో చేయించిన ఒక పని చెబుతాను. రెండు గాజు గ్లాసులు తీసుకోవాలి. ఒకదానిలో నీళ్లు పోసి, అందులో మంచుముక్కలు తేలేలా వేయాలి. రెండోదానిలో నీటికి పైకి వచ్చేంత రాయి పెట్టి, అన్నే మంచుముక్కలు ఆ రాయి మీద ఉంచాలి. రెండు గ్లాసుల మీదా నీటిమట్టం దగ్గర పెన్నుతో గీత గీయాలి. ఏ గ్లాసులో నీరు గీత దాటుతుందని అడిగితే చాలామంది తేలే మంచు ఉన్న గ్లాసునే చూపిస్తారు, ఎందుకంటే అందులో నీళ్లలోనే మంచు కనిపిస్తోంది. కరిగాక చూస్తే ఆ గ్లాసులో నీరు గీత దగ్గరే ఉంటుంది, రాయి ఉన్న గ్లాసులో గీత దాటుతుంది. ఆ గ్లాసుల ముందు ఒక్క అబ్బాయి “అయితే అంటార్కిటికా మంచు రాయి మీద ఉందా, నీళ్లలో ఉందా?” అని అడిగినా చాలు, పాఠం దారిలో పడినట్టే. ఆ ఖండం మీద సుమారు 1 కోటి 40 లక్షల చదరపు కిలోమీటర్ల మేర, సగటున దాదాపు రెండు కిలోమీటర్ల మందాన మంచు పేరుకుని ఉందనీ, అదంతా కరిగితే సముద్రమట్టం 58 మీటర్ల వరకూ పెరుగుతుందనీ అప్పుడు చెబితే ఆ అంకెలకు అర్థం ఉంటుంది. అది ఒక్క రోజులోనో ఒక్క తరంలోనో కరిగేది కాదని కూడా ఆ నోటితోనే చెప్పాలి.

నా అసలు వాదన మరొకటి ఉంది. ఏం జరుగుతోందో చెప్పడానికి ముందు, అది మనకు ఎలా తెలిసిందో పిల్లలకు చెప్పాలి. పైన ప్రస్తావించిన పెంగ్విన్ స్థావరాలనే తీసుకుందాము. మనుషులు వెళ్లలేని ఆ చలిలో పెంగ్విన్లు ఎక్కడున్నాయో ఎలా కనిపెట్టారు? అందుకు వాడిన ఉపగ్రహ చిత్రాలలో పక్షి ఒంటరిగా కనపడేంత స్పష్టత లేదు గానీ, వేల పక్షులు నెలల తరబడి ఒకేచోట వేసిన రెట్ట తెల్లని మంచు మీద గోధుమరంగు మరకగా కనిపిస్తుంది. 2009లో బ్రిటిష్ పరిశోధకులు ఆ మరకలను వెదికి, అంతవరకూ ఎవరికీ తెలియని స్థావరాలను గుర్తించారు. పదేళ్ల పిల్లలు ఈ సంగతి వింటే మరి మరచిపోరు. ఎలిఫెంట్ సీల్ కథ కూడా అంతే. బొచ్చు మార్చుకున్న తరువాత దాని తలమీద చిన్న పరికరాన్ని అతికిస్తారు. ఆ సీల్ వెయ్యి మీటర్లకు మించిన లోతుకు కూడా మునుగుతుంటే దారిపొడవునా నీటి ఉష్ణోగ్రతనూ ఉప్పదనాన్నీ పరికరం నమోదు చేస్తుంది, పైకి తేలినప్పుడు ఆ సమాచారం ఉపగ్రహానికి చేరుతుంది, మరుసటి ఏడు బొచ్చు రాలినప్పుడు పరికరమూ రాలిపోతుంది. శీతకాలంలో ఓడలు చొరలేని చోట సముద్రం ఎలా ఉందో మనకు చెప్పినది ఈ జంతువులే.

అంటార్కిటికాలో డోమ్ సి అనేచోట మూడు కిలోమీటర్లకు పైగా తవ్వి తీసిన మంచు కడ్డీలో 8 లక్షల సంవత్సరాల నాటి గాలి బుడగలున్నాయి. ఆ మొత్తం కాలంలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలకు 300 దాటలేదు, ఇప్పుడు 420 దాటింది. ఈ వరసలో చెప్పుకుంటూ వస్తే, మంచు కరుగుతోందన్న మాట మనం చెప్పనక్కరలేకుండా పిల్లల నోటి నుంచే వస్తుంది.

ఒక తల్లి

రెండో పక్షాన్ని పూర్తిగా కొట్టివేయవద్దని మనవి. మా పాపకు ఎనిమిదేళ్లప్పుడు బడిలో బక్కచిక్కిన ఎలుగుబంటి వీడియో ఒకటి చూపించారు. ఆ తరువాత చాలాకాలం ఆ ఎలుగుబంటి మన వల్లే చచ్చిపోయిందా అని అడుగుతూ వచ్చింది. ఆ ప్రశ్నకు బడిలో ఎవరూ జవాబు చెప్పలేదు. అన్వేషకుల కథలు చెప్పే రోజుల్లో పిల్లలకు ధ్రువాలంటే ఆశ్చర్యం ఉండేది, ఇప్పుడు దిగులు మాత్రమే మిగులుతోందేమోనని నా భయం.

వన్యప్రాణి పరిశోధనలో పనిచేసినవారు

ఆ వీడియోల గురించి ఒక మాట చెప్పాలి. ఎలుగుబంటి ముసలిదై ఉండవచ్చు, జబ్బుపడి ఉండవచ్చు. ఒక్క జంతువును చూసి దాని జాతి పరిస్థితిని తేల్చే పద్ధతి మా రంగంలో లేదు. లెక్కలు చూపించండి. కెనడాలోని పశ్చిమ హడ్సన్ బే ప్రాంతంలో 2016లో 842గా అంచనా వేసిన ఎలుగుబంట్లు 2021 నాటికి 618కి తగ్గాయి. సీల్ వేటకు వాటికి సముద్రపు మంచే ఆధారం. ఆ మంచు వేసవిలో త్వరగా విడిపోయి ఆలస్యంగా గడ్డకడుతున్న కొద్దీ అవి ఒడ్డున పస్తు ఉండే రోజులు పెరుగుతాయి. కానీ అన్ని గుంపులూ అలా తగ్గడం లేదు, కొన్ని నిలకడగా ఉన్నాయి, కొన్నింటి గురించి సరిపడా సమాచారమే లేదు. 1973లో అయిదు దేశాలు ఒప్పందం చేసుకుని వేటను అదుపుచేశాక కోలుకున్న గుంపులూ ఉన్నాయి. ఇదంతా చెబితే పాఠం బలహీనపడుతుందని కొందరు ఉపాధ్యాయులు అనుకుంటారు. నా ఉద్దేశంలో, చెప్పకపోతేనే బలహీనపడుతుంది. పై తరగతికి వెళ్లాక ఆ పిల్లవాడు పెరిగిన గుంపు గురించి ఎక్కడో చదివి, మాస్టారు చెప్పినదంతా అబద్ధమనుకునే ప్రమాదం ఉంది.

అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రపు మంచు కూడా ఇటువంటిదే. 2014 వరకూ అది కొద్దికొద్దిగా పెరిగింది, ఆ తరువాత తగ్గి 2023లో అంతకుముందెన్నడూ నమోదు కానంత కనిష్ఠానికి చేరింది. పదేళ్ల పిల్లలకు ఇంత చెప్పనక్కరలేదు, ఉపాధ్యాయుడికి మాత్రం తెలిసి ఉండాలి.

హిమశాస్త్రం చదువుతున్న విద్యార్థిని

అమ్మగారు అడిగిన ఆశ్చర్యానికీ శాస్త్రానికీ వైరం లేదండీ. అన్వేషకుల కథనే చూడండి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం దారిలో ఏరుకున్న సుమారు 16 కిలోల రాళ్లను, ప్రాణాలు పోతున్నా వదిలిపెట్టలేదు. వారి గుడారం దొరికినప్పుడు ఆ రాళ్లూ దొరికాయి. వాటిలో గ్లోసోప్టెరిస్ అనే ప్రాచీన వృక్షం ఆకు అచ్చులున్నాయి. అవే అచ్చులు ఇండియాలోనూ ఆఫ్రికాలోనూ ఆస్ట్రేలియాలోనూ దొరుకుతాయి. ఈ నేలలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవనడానికి అదొక సాక్ష్యం. అన్వేషకుల సాహసం ఒక్కటే చెప్పి ఈ రాళ్ల సంగతి వదిలేస్తే కథలో సారం పోతుంది.

దిగులు విషయంలో ఓజోన్ పొర కథ చెప్పాలని నా సూచన. అంటార్కిటికాలోని హేలీ స్థావరంలో ఏళ్ల తరబడి ఒకే కొలతను ఓపికగా తీసుకున్నందువల్ల 1985లో ఓజోన్ తరుగుదల బయటపడింది. రెండేళ్లకే, అంటే 1987లో, దానికి కారణమైన రసాయనాలను తగ్గించడానికి మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఆ పొర ఇప్పుడు నెమ్మదిగా కోలుకుంటోంది. ఈ రెండు సమస్యలూ ఒకే స్థాయివని నేను అనడం లేదు. కొలిచినవారి మాట విని లోకం నడచుకున్న సందర్భం ఒకటి ఉందని పిల్లలకు తెలియాలి.

అధ్యాపక శిక్షణలో ఉన్నవారు

ఈ చర్చలో జంతువులు వచ్చాయి, మంచు వచ్చింది, శాస్త్రవేత్తలు వచ్చారు, మనుషులు రాలేదు. ఆర్కిటిక్‌లో దాదాపు 40 లక్షల మంది నివసిస్తున్నారు. ఇన్యూట్, సామీ, నేనెట్స్ జాతుల పిల్లలు బడికి వెళతారు, ఫోను వాడతారు. పాఠ్యపుస్తకంలో వాళ్లెప్పుడూ మంచు గుడిసె ముందు బొచ్చు కోటుతోనే నిలబడి ఉండకూడదు. ఏ మంచు మీద నడవవచ్చో తరతరాలుగా ఎరిగిన వాళ్ల పెద్దల మాటను పరిశోధకులు కూడా అడిగి తెలుసుకుంటున్నారు.

ఉన్నత పాఠశాల సైన్సు ఉపాధ్యాయుడు

గ్లాసుల ప్రయోగాన్నీ పెంగ్విన్ మరకనూ రేపే తరగతిలో వాడుకుంటాను. అయినా నా అభ్యంతరం పోలేదు. మీరు చెప్పిన వరసలో వెళ్లడానికి కనీసం ఆరు పీరియడ్లు కావాలి, చాలా బడులలో ఈ పాఠానికి దొరికేవి రెండే. మొదటి పీరియడు గ్లాసులతో గడిచి, రెండోది సెలవుతో పోతే, మంచు తగ్గుతోందన్న ముక్క వినకుండానే పిల్లవాడు ఆ ఏడు దాటిపోతాడు. ఉన్న సమయం తక్కువైనప్పుడు ముఖ్యమైనది ముందు చెప్పాలన్నదే నా వాదన.

ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయిని

అందరికీ కృతజ్ఞతలు. సమయం గురించి మాస్టారు చెప్పినది మా విషయంలోనూ నిజమే, మాకు దక్కేవి మూడు పీరియడ్లు. మొదటిది రెండు గ్లాసులకూ రెండు ధ్రువాల పటానికీ, రెండోది పెంగ్విన్ మరకకూ సీల్ పరికరానికీ ఇచ్చి, ఆ రెండో పీరియడులోనే 1979 నుంచి సెప్టెంబరు మంచు ఎలా మారిందో గీసిన పటాన్ని పిల్లల చేతికి ఇవ్వాలని మా వాళ్లకు ప్రతిపాదిస్తాను. మూడోది పోయినా అసలు విషయం పోకుండా ఉంటుంది. బెల్లింగ్స్‌హౌసెన్ పెంగ్విన్ పిల్లల సంగతి పదేళ్ల వాళ్లకు చెప్పాలా వద్దా అన్నది మాత్రం నాకు ఇంకా తేలలేదు. చెప్పి చూసినవారెవరైనా ఉంటే, పిల్లలు ఏమడిగారో, మీరేం జవాబిచ్చారో ఇక్కడ రాయండి.