బ్లాస్ట్ ఫర్నేస్ పైనుంచి కార్బన్ మోనాక్సైడ్ ఎందుకు మిగిలి వస్తుంది?

ఇంటర్_రెండో_ఏడాది:
బ్లాస్ట్ ఫర్నేస్‌లో (ఖనిజం నుంచి ఇనుము తీసే కొలిమి) ఒక మోల్ ఫెర్రిక్ ఆక్సైడ్‌కి మూడు మోల్స్ కార్బన్ మోనాక్సైడ్ చాలని పుస్తకంలో ఉంది. మరి పైనుంచి బయటికొచ్చే గ్యాస్‌లో ఇంకా 20–25 శాతం మోనాక్సైడ్ ఎందుకుంటుంది? ఫర్నేస్ ఎత్తు పెంచితే ఆ మిగిలిందీ ఖనిజంతో చర్య జరపదా?

వూస్టైట్:
ఎత్తు పెంచినా తగ్గదండీ. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఇదే ఆలోచనతో కొలిములను 30 మీటర్ల దాకా లేపారు, మోనాక్సైడ్ మాత్రం తగ్గలేదు. 1888లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లె షాటెలియే సమతాస్థితిని (చర్య ముందుకీ వెనక్కీ సమంగా జరిగే స్థితి) వివరిస్తూ చూపించిన ఉదాహరణ ఇదే.

పుస్తకంలోని సమీకరణం మూడు మెట్లను కలిపేస్తుంది. హెమటైట్ (ఖనిజంలోని ఫెర్రిక్ ఆక్సైడ్) ముందు మాగ్నటైట్ (ఆక్సిజన్ కాస్త తగ్గిన ఆక్సైడ్) అవుతుంది, తర్వాత ఫెర్రస్ ఆక్సైడ్, చివరికి ఇనుము. మొదటి మెట్టుకి కాస్తంత మోనాక్సైడ్ ఉన్నా సరిపోతుంది. పేచీ అంతా చివరి మెట్టు దగ్గరే. 900 డిగ్రీల దగ్గర, మోనాక్సైడ్, డయాక్సైడ్ రెండూ కలిపి 100 అనుకుంటే, అందులో మోనాక్సైడ్ సుమారు 68కి తగ్గిందంటే ఫెర్రస్ ఆక్సైడ్ ఇక ఇనుము కాదు. ఇంకా తగ్గితే తయారైన ఇనుమే మళ్లీ ఆక్సైడ్ అవుతుంది.

లెక్క వేయండి. రెండు మోల్స్ ఫెర్రస్ ఆక్సైడ్‌కి సుమారు 6.4 మోల్స్ మోనాక్సైడ్ పంపాలి, ఖర్చయ్యేవి 2. మిగతా 4.4 పైకెళ్లి హెమటైట్‌ను ఫెర్రస్ ఆక్సైడ్ దాకా దించడంలో ఇంకొక మోల్ పోతుంది. మొత్తం 6.4లో 3 ఖర్చయ్యాయి, అంటే 47 శాతం. బాగా నడిచే ఫర్నేస్‌లో కనిపించేదీ 45–50 మధ్యే.

కాస్ట్‌హౌస్:
పై లెక్క సరైనదే. కాకపోతే 1000 డిగ్రీలు దాటిన కింది భాగంలో కథ వేరు. అక్కడ పుట్టిన డయాక్సైడ్ వెంటనే కోక్‌ను (బొగ్గు నుంచి చేసిన ఇంధనం) తిని మళ్లీ మోనాక్సైడ్ అవుతుంది. నికరంగా ఫెర్రస్ ఆక్సైడ్‌ను కార్బనే నేరుగా క్షయకరణం చేసినట్టు, అంటే ఆక్సిజన్‌ను లాగేసినట్టు. దీనికి కార్బన్ తక్కువే పడుతుంది గానీ మోల్‌కి సుమారు 150 కిలోజౌళ్ల వేడి లాగేస్తుంది. ఆ వేడి కోసం ట్వియర్ల (వేడి గాలి ఊదే గొట్టాలు) దగ్గర కోక్ ఎక్కువ కాల్చాలి.

కోక్ ఖర్చు పెరిగితే ముందు ఖనిజం, కోక్ జల్లించే జల్లెడ చూడండి. 5 మిల్లీమీటర్ల లోపు నుసి లోపలికి పోతే ముక్కల మధ్య సందులు పూడిపోతాయి, గ్యాస్ ఒకే దారి పట్టి పైకి తన్నేస్తుంది. పై గ్యాస్‌లో హైడ్రోజన్ ఉన్నట్టుండి పెరిగితే మాత్రం ట్వియర్‌ను చల్లబరిచే నీళ్లు లోపలికి కారుతున్నాయేమో వెంటనే చూడాలి. ఆవిరి కోక్‌తో కలిసి హైడ్రోజన్, మోనాక్సైడ్ అవుతూ వేడిని మింగుతుంది. హార్త్, అంటే ఫర్నేస్ అడుగు భాగం, చల్లబడితే కరిగిన లోహం గడ్డకడుతుంది.

ఇంటర్_రెండో_ఏడాది:
మరి మలినాల్ని తీయడానికి వేసే సున్నపురాయి నుంచి వచ్చే డయాక్సైడ్ కూడా కోక్‌ను తింటుందా?

వూస్టైట్:
తింటుంది. రాయి సుమారు 900 డిగ్రీల దగ్గర విడిపోతుంది, పెద్ద ముక్కలైతే ఇంకా కిందికి దిగాక. అందుకే సున్నాన్ని వీలైనంత సింటర్‌లోనే (ఖనిజం నుసిని ముందే కాల్చి చేసిన గడ్డలు) కలిపేస్తారు, డయాక్సైడ్ ఫర్నేస్ బయటే పోతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఖనిజం వాడే విశాఖ ఉక్కు కర్మాగారంలోనూ సింటర్ ప్లాంట్ అందుకే ముఖ్యం.

కాస్ట్‌హౌస్:
మన దేశపు ఖనిజాల్లో అల్యూమినా ఎక్కువ, స్లాగ్ (ఇనుము మీద తేలే కరిగిన మలినాలు) జిగటగా తయారవుతుంది. అందుకే డోలమైట్ కూడా వేస్తారు, మెగ్నీషియా స్లాగ్‌ను పలచన చేస్తుంది. జిగట స్లాగ్ గంధకాన్ని సరిగా పీల్చుకోదు. భాస్వరాన్నయితే ఏ స్లాగూ ఇక్కడ ఆపలేదు, దాదాపు అంతా దుక్క ఇనుములోకే వెళ్తుంది. దాన్ని స్టీల్ కన్వర్టర్‌లోనే తీయాలి.