తాతయ్య షేర్వాణీ నాకు పట్టేలా చేయొచ్చా?

1962లో తాతయ్య పెళ్లికి కుట్టించుకున్న నల్ల ఉన్ని షేర్వాణీ ట్రంకుపెట్టెలో దొరికింది. తమ్ముడి పెళ్లికి అదే వేసుకోవాలని నా పట్టుదల. భుజాలు అతికినట్టు కూర్చున్నాయి, ఛాతీ దగ్గరే రెండంగుళాలు బిగుతు. పైగా కలరా ఉండల వాసన! హైదరాబాద్ పత్తర్‌గట్టిలో ఒక టైలరు విప్పి చూడకుండానే "కొత్తది కుట్టించుకోండి" అనేశాడు.

జవాబు 1: పక్క కుట్ల దగ్గర అస్తరు విప్పించండి. పాత టైలర్లు లోపల అదనపు గుడ్డ మడిచి వదిలేవారు. విప్పినచోట నలుపు కాస్త ముదురుగా కనిపిస్తుంది, చంక కిందే కదా!

జవాబు 2: వాసన పోవాలని నీళ్లలో మాత్రం ముంచకండి, ఉన్ని ముడుచుకుపోతుంది. నీడలో నాలుగు రోజులు గాలికి వేలాడదీయండి.

అడిగినవారు: ఒక్కో వైపు అంగుళం దొరికిందండీ! మెడ హుక్కు ఇంకా పట్టట్లేదు. ఫోటోలప్పుడు ఊపిరి బిగబడతాను.