ఊపిరి బిగబట్టి మునిగినప్పుడు గుండె నెమ్మదించేది ఆక్సిజన్ పొదుపు కోసమేనా?

నీలిమునక (చర్చ ప్రారంభం):
ఊపిరి బిగబట్టి నీటిలో మునిగేవారి గుండె నెమ్మదిస్తుందనే విషయంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. శిక్షణ లేనివారిలో గుండె వేగం సుమారు పదో వంతు నుంచి మూడో వంతు వరకు తగ్గుతుంది. అనుభవజ్ఞులైన డైవర్లలో సగానికి, కొన్నిసార్లు అంతకన్నా దిగువకు పడిపోతుంది. ముఖానికి చల్లటి నీరు తగిలితే ముఖంలోని స్పర్శను మోసే ట్రైజెమినల్ నాడి ఆ సంకేతాన్ని మెదడుకు చేరవేస్తుంది, అక్కడి నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి దానికి కళ్లెం వేస్తుంది. దీన్ని శరీరం చేసుకునే ఆక్సిజన్ పొదుపుగానే చూడాలని నా వాదన. ఫ్రెంచ్ శరీరధర్మ శాస్త్రవేత్త పాల్ బెర్ 1870లోనే నీట ముంచిన బాతుల్లో గుండె నెమ్మదించడాన్ని గుర్తించారు. ఆ తరువాత మరో ఫ్రెంచ్ శాస్త్రవేత్త షార్ల్ రిషే, శ్వాసనాళం మూసేసిన బాతులు గాలిలో కంటే నీటిలో మునిగి ఉన్నప్పుడు ఎక్కువసేపు బతికాయని చూపించారు. పొదుపే లేకపోతే ఆ అదనపు సమయం ఎక్కడి నుంచి వచ్చిందో కాదనేవారు చెప్పాలి.

నాడీమూలం:
బాతు విషయంలో మీతో ఏకీభవిస్తాను. మనిషి దగ్గరికి వచ్చేసరికి లెక్క కుదరదు. విశ్రాంతిలో ఉన్న మనిషి నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటాడు. అందులో గుండె కండరం వాటా పదో వంతు, అంటే 25 మిల్లీలీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. గుండె వేగం సగానికి తగ్గితే ఆ ఖర్చు కూడా సరిగ్గా సగమవుతుందని ఉదారంగా ఒప్పుకున్నా, నాలుగు నిమిషాల మునకలో మిగిలేది 50 మిల్లీలీటర్లు. అది శరీరానికి పన్నెండు సెకన్ల ఖర్చు. పైగా ఆ ఉదారత కూడా చెల్లదు. రక్తపోటు పెరిగినప్పుడు గుండె ప్రతి స్పందనకూ ఎక్కువ శ్రమిస్తుంది కాబట్టి, స్పందనల సంఖ్య తగ్గిన మేరకు ఖర్చు తగ్గదు. గుండె నెమ్మదించడాన్నే పొదుపు అనడం ఈ అంకెలు చూడనివారి అలవాటు.

లోతుమాపకుడు:
నాడీమూలం గారి లెక్క సరైనదే, కానీ అది గుండెను విడిగా చూసి వేసిన లెక్క. అసలు పొదుపు జరిగేది రక్తనాళాల్లో. మునిగినప్పుడు సింపథెటిక్ నాడులు (మన ప్రమేయం లేకుండా రక్తనాళాలను నియంత్రించేవి) చేతులు, కాళ్లు, చర్మం, ఉదర భాగంలోని రక్తనాళాలను బిగిస్తాయి. ఆ భాగాల కండరాలకు రక్తం తగ్గిపోయి, మిగిలిన ఆక్సిజన్ మెదడుకూ గుండెకూ దక్కుతుంది. శరీరధర్మ శాస్త్రవేత్త షోలాండర్ బృందం ఆస్ట్రేలియా ముత్యపు డైవర్లపై చేసిన పరిశీలన 1962లో వెలువడింది. అందులో రక్తంలోని లాక్టిక్ ఆమ్లం (ఆక్సిజన్ చాలనప్పుడు కండరాలలో తయారయ్యేది) నీటిలో ఉన్నంతసేపూ పెద్దగా పెరగక, పైకి వచ్చి ఊపిరి తీసుకున్న తరువాతే ఎగబాకింది. నీటిలో ఉండగా కండరాలలో తయారైన ఆమ్లం అక్కడే చిక్కుకుని ఉండిపోయిందనీ, అంటే వాటికి రక్తప్రసరణ బాగా తగ్గిందనీ దీనికి అర్థం. ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం నాకు కనబడలేదు. ఇలా నాళాలు బిగుసుకున్నప్పుడు గుండె పాత వేగంతోనే కొట్టుకుంటూ ఉంటే రక్తపోటు ఎంత పెరుగుతుందో ఊహించండి. గుండె నెమ్మదించడం ఆ బిగింపుకు జతగా వచ్చే సర్దుబాటు మాత్రమే.

నాడీమూలం:
సర్దుబాటు అయితే అది రక్తపోటు పెరిగిన తరువాత రావాలి కదా?

లోతుమాపకుడు:
రానక్కర లేదు. ముఖం నీట మునిగిన కొద్ది సెకన్లలోనే గుండె నెమ్మదించడం మొదలవుతుంది, రక్తపోటు అంత త్వరగా పెరగదు. కాబట్టి రక్తపోటు పెరిగి, దానికి జవాబుగా గుండె నెమ్మదించిందనే వివరణ తొలి దశకు పనికిరాదు. అది తరువాతి దశలో తోడవుతుంది. గుండెను నెమ్మదింపజేసే ఆజ్ఞా, నాళాలను బిగించే ఆజ్ఞా రెండూ మెదడు అడుగు భాగమైన మెదడు కాండం నుంచే, ఒకదాని కోసం మరొకటి ఆగకుండా బయలుదేరుతాయి. వ్యాయామం చేస్తూ ఊపిరి బిగబట్టినవారిపై చేసిన ప్రయోగాల్లో, ముఖాన్ని చల్లటి నీటిలో ఉంచినప్పుడు ధమని రక్తంలోని ఆక్సిజన్ మరింత నిదానంగా తగ్గింది. మనిషిలో పొదుపు ఉందనడానికి నేను ఆధారపడేది దీనిపైనే.

అలలఅంచు:
జత సర్దుబాటు అంటున్నారు కానీ, ఆ సర్దుబాటు ఎంతవరకు పనిచేస్తుందో కూడా చూడాలి. 1997లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ముగ్గురు నిపుణులైన డైవర్లు నీరు నింపిన పీడన గదిలో 40 నుంచి 55 మీటర్ల లోతుకు సమానమైన స్థితికి వెళ్లారు. వారి గుండె నిమిషానికి 20–30 స్పందనలకు పడిపోయింది, లయ తప్పిన స్పందనలు కనిపించాయి, అయినా ఒక దశలో రక్తపోటు 280/200 వరకు వెళ్లింది. దీన్ని రక్షణ యంత్రాంగం అని పిలవడానికి నాకు నోరు రావడం లేదు. చల్లటి నీటిలో పరిస్థితి ఇంకా క్లిష్టమవుతుంది. ఒంటికి ఒక్కసారిగా చలి తగిలితే గుండె వేగం పెరగాలి, ముఖం మునిగితే తగ్గాలి. ఈ రెండు ఆజ్ఞలూ ఒకేసారి గుండెను చేరినప్పుడు లయ దెబ్బతింటుందని శాస్త్రవేత్తలు టిప్టన్, షాటక్ 2012లో వాదించారు. బిగబట్టిన ఊపిరి వదిలిన తొలి క్షణాల్లోనే ఇలాంటి లయభంగాలు ఎక్కువగా కనిపించడం గమనించదగ్గది.

నీలిమునక:
ప్రమాదం ఉన్నంత మాత్రాన పొదుపు లేదనలేము. ఒకే యంత్రాంగం రెండు పనులూ చేయవచ్చు. ఇంతవరకు ఎవరూ ప్రస్తావించని ప్లీహాన్ని (స్ప్లీన్) కూడా కలిపి చూడండి. ఊపిరి బిగబట్టినప్పుడు అది సంకోచించి, నిల్వ ఉన్న ఎర్ర రక్తకణాలను ప్రసరణలోకి విడుదల చేస్తుంది. తరతరాలుగా సముద్రంలో మునుగుతూ జీవించే ఇండోనేషియాలోని బజావు ప్రజల ప్లీహం పొరుగునున్న సలువాన్ ప్రజల ప్లీహం కంటే సుమారు 50 శాతం పెద్దదని 2018లో వెల్లడైంది. అయితే లోతుమాపకుడు గారి వివరణ తరువాత, ‘గుండె నెమ్మదించడం’ అనే మాటకు బదులు ‘మునక ప్రతిస్పందన’ అని మొత్తంగా అంటేనే నా వాదన నిలబడుతుంది.

లోతుమాపకుడు:
ఆ మార్పుతో నాకు అభ్యంతరం లేదు. శిక్షకులు మాత్రం ఇక్కడితో ఆగిపోకూడదు. 10 మీటర్ల లోతులో పీడనం ఉపరితలం కంటే రెట్టింపు ఉంటుంది కాబట్టి, ఊపిరితిత్తుల్లో మిగిలిన కొద్దిపాటి ఆక్సిజన్ కూడా అక్కడ రక్తంలోకి బాగానే చేరుతుంది. పైకి వస్తున్నకొద్దీ పీడనంతో పాటు ఆ ఆక్సిజన్ పాక్షిక పీడనం (మొత్తం పీడనంలో దాని వాటా) కూడా పడిపోతుంది. ముందుగా గబగబా ఊపిరి పీల్చి కార్బన్ డయాక్సైడును తగ్గించుకున్నవారికి గాలి కావాలనే తపన ఆలస్యంగా కలుగుతుంది. ఆ హెచ్చరిక రాకముందే, ఉపరితలానికి కొద్ది మీటర్ల దిగువన స్పృహ తప్పవచ్చు. గుండె ఎంత నెమ్మదించినా, నాళాలు ఎంత బిగుసుకున్నా దాన్ని ఆపలేవు. పక్కన మరొకరు కాపలా లేకుండా మునగవద్దని చెప్పేది అందుకే.