ప్రైమరీ బడికి తోలుబొమ్మల కళాకారుణ్ణి పిలిపించాలా, వద్దా?

రెండు తరగతుల టీచర్ (అనంతపురం):
మాది అనంతపురం పక్కన పల్లెలో ప్రాథమిక పాఠశాల. విద్యా కమిటీ మీటింగులో ఒక మాట పెట్టినాను. నిమ్మలకుంట నుంచి తోలుబొమ్మల కళాకారుణ్ణి పిలిపించి పిల్లలతో బొమ్మలు చేయిద్దాం, ఆడిద్దాం అని. కొందరు సరే అన్నారు. కొందరు "ముందు ఎక్కాలు రానీయండి, బొమ్మలాటలు తర్వాత" అన్నారు. ఒకాయన "తోలు తెచ్చి బడిలో పెట్టొద్దు" అన్నాడు. మళ్లీ మీటింగు లోపల మీ అందరి మాట కూడా వినాలని ఇక్కడ పెడుతున్నా. నా మాట ముందే చెప్తా: పిలవాల్సిందే. ఒక్కరోజు ముచ్చటకైతే మాత్రం వద్దు.

బుక్కరాయసముద్రం నాన్న:
టీచరమ్మా, నేను వద్దనే వాళ్లలోనే ఉన్నా. మావాడు నాలుగో తరగతి. తెలుగు వాచకంలో ఒక పేజీ తడుముకోకుండా చదవలేడు. తీసివేతలో పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవడం ఈ వారం వస్తుంది, వచ్చేవారం మర్చిపోతాడు. నేను పొద్దున పనికి పోతే చీకటి పడ్డాక వస్తా. ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. వానికి బడి ఒక్కటే దిక్కు.

ఇట్లాంటి కార్యక్రమం మా పక్క ఊరి బడిలో జరిగితే చూసినా. ఫ్లెక్సీ, మైకు, సన్మానం, ఫొటోలు. పిల్లలు వరసగా కూర్చుని చప్పట్లు కొట్టినారు. ఒక్కరి చేతికి కూడా కత్తెర ఇయ్యలేదు. దానికోసం పొద్దంతా పాఠాలు ఆపినారు. అది చూసినాక నాకు నమ్మకం పోయింది.

రిటైర్డ్ హెడ్‌మాస్టర్:
నాయనా, నీ బాధ న్యాయమే. అయితే లెక్క కూడా చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. నాలుగు శనివారాలు మధ్యాహ్నం రెండేసి గంటలు ఇచ్చినా 8 గంటలే. నూటికి ఒక వంతు. నీ కొడుకు చదువు వెనకబడింది ఆ గంటల వల్ల కాదు. 60 మంది లోపు పిల్లలుంటే ఆ చట్టం లెక్కన ఇద్దరే టీచర్లు, తరగతులేమో ఐదు. అసలు ఇబ్బంది అక్కడ.

ఇంకో సంగతి. కళలు నేర్పడానికి పార్ట్‌టైం బోధకులను ఆ చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకే ఇచ్చింది. అదీ బడిలో 100 మంది పిల్లలు దాటితేనే. చిన్న బడికి ఏమీ లేదు. కళలు పదో తరగతి దాకా తప్పనిసరిగా ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. చెప్పే మనిషి లేనప్పుడు డ్రాయింగు పీరియడు టైంటేబుల్ కాగితం మీదే మిగులుతుంది. నా సర్వీసంతా అదే చూసినా. బయటినుంచి ఎవరో ఒకరు రావాల్సిందే.

బుక్కరాయసముద్రం నాన్న:
సార్, నూటికి ఒక వంతు అని మీరు తేలిగ్గా అంటున్నారు. శనివారం పిల్లలు పుస్తకాల సంచి లేకుండా వచ్చే నో బ్యాగ్ డే కాబట్టి ఆరోజు తీరిక చేసుకొని టీచరమ్మ మావాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని చదివిస్తా ఉంది. పోయేది ఆ గంటే.

నిమ్మలకుంట ఇంటోడు:
మా ఇంట్లో ఈ పనే. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, మా ఊరి పేరు దూరం పోయింది. మాకు గర్వమే. అయితే బడులకు పిలిచినప్పుడు జరిగేది చెప్తా. శాలువా కప్పుతారు, టిఫిను పెడతారు, పంపిస్తారు. ఒక బడివాళ్లు బస్సు ఛార్జీ కూడా ఇయ్యలేదు. ఇప్పుడు మా ఇండ్లలో పొయ్యి వెలిగేది ఆట వల్ల కన్నా ల్యాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మల వల్లే. ఒకరోజు బడికి వస్తే ఆరోజు పని పోయినట్టే. కాబట్టి మేస్త్రీకి రోజుకూలి ఎంత ఇస్తారో మాకూ అంత ఇయ్యండి, ఛార్జీలు వేరే.

తోలు గురించి అన్నాయనకు: మేకతోలు నానబెట్టి, వెంట్రుక తీసి, బిగలాగి ఆరబెడితేనే వెలుతురు పారేంత పలచన అవుతుంది. దాని మీద గీసి, ఉలితో చిల్లులు కొట్టి, రంగులు వేస్తాం. ఆ ఉలి ఎనిమిదేండ్ల పిల్లల చేతికి నేనే ఇయ్యను. వాళ్లకు డ్రాయింగు షీటు చాలు. బొమ్మ గీసి రంగులు వేసినాక వెనకవైపు కాస్త ఆముదం రుద్దితే కాగితంలోంచి వెలుతురు పారుతుంది. భుజం వేరే, మోచెయ్యి వేరే కత్తిరించి దారంతో ముడి వెయ్యాలి. ముడి బిగిస్తే చెయ్యి కదలదు. వదులైతే ఊరికే వేలాడుతుంది. పిల్లలు విప్పి మళ్లీ కట్టి, విప్పి మళ్లీ కట్టి నేర్చుకుంటారు. ఒక పూట దానికే పోతుంది. తర్వాత బొమ్మను తెరకు ఆనించి పట్టడం. కొంచెం వెనక్కి జరిగినా నీడ మసకబారుతుంది, అవతల చూసేవాళ్లకు ముక్కూ మొహం తెలీదు. ఒక్కరోజులో అన్నీ నేర్పించమంటే నేను ఆడి చూపించి పోవాల్సిందే. పిల్లలు చేసేదేం ఉండదు.

కదిరి అక్క:
నాదో సందేహం. తోలుబొమ్మలాటలో నవ్వించే బంగారక్క, కేతిగాడు తెర మీదికి వస్తే మాటలు ఎట్లుంటాయో మనకు తెలుసు. పెద్దలు నవ్వుకోవడానికి బాగుంటాయి, మూడో తరగతి పిల్లల ముందు ఎట్లా? ఇంకొకటి, అన్ని ఇండ్ల పిల్లలూ వస్తారు కదా, రామాయణ కథలే ఆడిస్తారా?

రెండు తరగతుల టీచర్ (అనంతపురం):
అక్కా, మంచి మాట అడిగినావు. కథ పిల్లలదే. శెనక్కాయల చేనులో అడవిపందులు పడటం, నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెల కొట్లాట, ఏదైనా సరే. మాటలు వాళ్లే రాయాలి. బంగారక్క కావాలంటే వస్తుంది, పిల్లలు రాసిన మాటలే మాట్లాడుతుంది.

అన్నా, నీ కొడుకు సంగతికి వస్తా. వాచకంలో పేజీ ఒకసారి చదివించడానికే నేను బతిమాలాలి. తెర వెనక తన బొమ్మ మాట్లాడే నాలుగు మాటలైతే పదిసార్లు చదువుతాడు, తప్పు పోతే వానికే తెలుస్తుంది, పక్కవాడు కూడా ఊరుకోడు. చదవడం తడబడే పిల్లలకు ఒకే ముక్క మళ్లీ మళ్లీ గట్టిగా చదవడమే మందు. వాణ్ణి చదివించే గంట తీసేస్తానని నేను అనలేదు. ఆ గంటలో వాడు చదివేది తన మాటలు. ఆయన నేర్పినంతసేపు నేనూ పిల్లలతో కూర్చుని ముడి వెయ్యడం నేర్చుకుంటా. ఆయన పోయినాక వచ్చే ఏడాది పిల్లలకు చెప్పాల్సింది నేనే కదా.

బుక్కరాయసముద్రం నాన్న:
అట్లయితే నా షరతులు రాసుకో అమ్మా. శనివారం మధ్యాహ్నమే. మీరు గదిలో ఉండాలి. ఫ్లెక్సీ వద్దు. మా దగ్గర వసూళ్లు వద్దు. ఒకటి, రెండు తరగతుల పిల్లలను ఇందులో కలపొద్దు, వాళ్లకు ఇంకా అక్షరాలే రాలేదు. ఇవి ఒప్పుకుంటే మీటింగులో అడ్డం మాట్లాడను.

రెండు తరగతుల టీచర్ (అనంతపురం):
మొదటి నాలుగూ ఒప్పుకున్నా. కూలి, ఛార్జీలు ఇద్దరు పాత విద్యార్థులను అడుగుతా, వాళ్లు కాదంటే ఊళ్లో ఇంకెవరినైనా. మేస్త్రీ కూలి లెక్కే కాగితం మీద రాసి పెడతా, శాలువా ఖర్చు పెట్టం. చిన్న తరగతుల దగ్గర మాత్రం నీతో ఒప్పుకోను అన్నా. కత్తెర పట్టలేరు, నిజమే. తెర ముందు కూర్చుని ఏ బొమ్మ ఏమందో చెప్పగలరు, అక్షరాలు రాని పిల్లలకు అదీ పాఠమే. ఆ ఒక్కటి మీటింగులో చేతులెత్తించి తేల్చుకుందాం.