మాడవీధి మలుపులో కొత్త లాడ్జి: ప్లాను చూపించారు, ఏమేం అడగాలి?

తేరువీధి కోడలు

తిరుపతిలో మా అత్తగారిల్లు గోవిందరాజస్వామి ఆలయ మాడవీధి మలుపులో ఉంది. మాకూ పక్కింటికీ మధ్య గోడ ఒక్కటే. ఇటు దూలాలూ అటు దూలాలూ ఆ గోడలోకే దిగి ఉన్నాయి. పక్కింటివాళ్ళు బెంగళూరులో స్థిరపడి కిందటి ఏడాది ఇల్లు అమ్మేశారు. కొన్నాయన పోయిన ఆదివారం తానే వచ్చి, మా తిన్నె మీద కూర్చుని, ప్లాను కాగితాలు పరిచారు. నేల కింద సెల్లారు, పైన ఐదంతస్తుల లాడ్జి. "అమ్మా, మీరు పెద్దవారు. మీకు చూపించకుండా ముగ్గు పోయను" అని అత్తయ్యతో అన్నారు. ఆ మాటకు అత్తయ్య కరిగిపోయింది. నేను ఆ రాత్రి కాగితాలు ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. గీతలూ అంకెలూ తప్ప ఏమీ బోధపడలేదు.

లాడ్జి వస్తోందని నాకు కోపం లేదు. కొండకు వచ్చే జనానికి గదులు కావాలి. నా దిగులల్లా మా గోడ గురించి, మా వీధి గురించి. వైశాఖంలో బ్రహ్మోత్సవాలప్పుడు వాహనం మా మలుపు తిరుగుతుంటే వెదురు గడలతో కరెంటు తీగలు ఎత్తి పట్టుకుంటారు. గొడుగు అంచున వేలాడే కుచ్చులు మా చూరు పెంకులకు తగులుతూ వెళతాయి. అత్తయ్య పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచి ఆ తిన్నె మీద నిలబడే హారతి పళ్ళెం అందిస్తోంది. కొత్త ప్లానులో మొదటి అంతస్తు బాల్కనీ సరిగ్గా ఆ మలుపు మీదికే వచ్చింది.

ఆయన మా అభిప్రాయం చెప్పమన్నారు. పది రోజులు గడువిచ్చారు. ఇలాంటివి ఎదుర్కొన్నవారు ఏం అడిగారో, ఏం అడగక నష్టపోయారో చెప్పండి.

కోటకింద ఇల్లు

అక్కా, మాది చంద్రగిరి. మా అనుభవం చెబుతాను, దానివల్ల మీకున్న లోటు ఏమిటో తెలుస్తుంది.

మా ఊళ్ళో రాజమహల్, రాణిమహల్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి చట్టానికి 2010లో జరిగిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషిద్ధ ప్రాంతంలో కొత్త ఇల్లు కట్టకూడదు. 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇల్లయితే, లేదా ఆ తర్వాత శాఖ అనుమతితో కట్టిందయితే, మళ్ళీ అనుమతి తీసుకుని మరమ్మతు చేసుకోవచ్చు. కాదని కడితే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

మా ఇల్లు నియంత్రిత ప్రాంతంలోకి వస్తుంది. మేడ మీద ఇంకో అంతస్తుకు దరఖాస్తు పెట్టాం. మేం చేసిన మొదటి పొరపాటు, దూరాన్ని మహలు గోడ నుంచి కొలవడం. కొలవాల్సింది రక్షిత ప్రాంతం హద్దు నుంచి. రెండోది ఎత్తు. మేం స్లాబు వరకే లెక్క వేసుకున్నాం. అనుమతి పత్రంలో ఎత్తంటే పిట్టగోడ, మెట్ల గది, నీళ్ళ ట్యాంకు అన్నీ కలిపి. ప్లాను తిరగ గీయించుకోవడంలో మా సొంత ఆలస్యమే నాలుగు నెలలయింది. చట్టంలో గడువులు స్పష్టంగానే ఉన్నాయి. దరఖాస్తును సమర్థ అధికారి 15 రోజుల్లో జాతీయ స్మారక ప్రాధికార సంస్థకు పంపాలి. ఆ సంస్థ రెండు నెలల్లో తన నిర్ణయం చెప్పాలి. ఆ తర్వాత నెలలోగా అనుమతో తిరస్కారమో మన చేతికి రావాలి.

అప్పుడు విసుక్కున్నాను. ఇప్పుడు మేడ మీద నిలబడి చూస్తే రాజమహల్ గోపురాలు కొండకు ఎదురుగా ఒక్క ట్యాంకూ అడ్డం లేకుండా కనిపిస్తాయి. ఆ చట్టం లేకపోతే మా వీధివాళ్ళమే వాటిని కప్పేసి ఉండేవాళ్ళం.

మీ గుడి తితిదే ఆధీనంలోనిది. ఈ మీటర్ల లెక్క చంద్రగిరి, శ్రీనివాసమంగాపురం, గుడిమల్లం లాంటి కేంద్ర రక్షిత కట్టడాలకే. 1130లో రామానుజాచార్యులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించి గుడి చుట్టూ ఊరు నిలబెట్టారని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆ ఊరి వీధికి ఈ కవచం లేదు. మీ దగ్గర ప్లాను పరిశీలించే అధికారి రోడ్డు వెడల్పు, స్థలం విస్తీర్ణం, ఎత్తు, చుట్టూ వదలాల్సిన ఖాళీ చూస్తారు. వీధి ముఖం ఏమవుతుందన్నది ఆ లెక్కల్లోకి రాదు. దాన్ని చూడాల్సింది ఇరుగుపొరుగువాళ్ళే. మీ అదృష్టం కొద్దీ కట్టేవాడే వచ్చి అడిగాడు. ఆ పది రోజులూ వృథా కానివ్వకండి.

గానుగసున్నం

ముప్ఫై ఏళ్ళుగా కట్టడాల పనిలో ఉన్నాను. అమ్మా, బాల్కనీ సంగతి తర్వాత. ముందు సెల్లారు గురించి అడగండి.

పాత ఊరి ఇళ్ళకు పునాది అంటే రాళ్ళు, మట్టి, సున్నం. లోతు మూడు నాలుగు అడుగులు ఉంటే గొప్ప. సెల్లారుకు పది పన్నెండు అడుగులు తవ్వుతారు. మీ గోడ కింద మట్టికి ఒక పక్క ఆసరా పోతుంది. గోడ ఒక్క రోజులో పడిపోదు. మొదట తలుపు గడియ సరిగా పడదు. కొన్నాళ్ళకు ద్వారబంధం మూల నుంచి వెంట్రుకంత గీత ఏటవాలుగా పైకి పాకుతుంది. ఇంట్లోవాళ్ళు దాన్ని సిమెంటుతో పూసి, సున్నం కొట్టి మరచిపోతారు. గీత మళ్ళీ కనిపించేసరికి అందులో వేలు దూరుతుంది. ఇలాంటి గోడలు నా కళ్ళారా మూడు చూశాను.

అందుకని కాగితం మీద రాయించుకోవలసినవి చెబుతాను. సెల్లారు గోడ మీ ఉమ్మడి గోడకు ఎన్ని అడుగుల దూరంలో వస్తుందో ప్లానులో అంకె వేయించండి. "కొంచెం వదులుతాం" అంటే ఒప్పుకోవద్దు. ఆ వైపు ఒకేసారి పొడుగునా తవ్వకుండా ముక్కలు ముక్కలుగా తవ్వాలి. ఒక ముక్కకు కాంక్రీటు గోడ లేచాకే పక్క ముక్కలో గునపం దిగాలి. తవ్వకం ఆశ్వయుజం, కార్తీకాల్లో వద్దే వద్దు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైన సంగతి మనందరికీ గుర్తుంది. అలాంటి వాన తెరిచిన గుంతలో నిలిచిందంటే మీ పునాది నానిపోతుంది.

పాత ఇల్లు పడగొట్టే రోజు ఇంటిపట్టునే ఉండండి. ఉమ్మడి గోడ దగ్గర జేసీబీ పెట్టనివ్వకండి, చేతిపనితో విప్పించండి. వాళ్ళ దూలాలు లాగితే మీ గోడలో రంధ్రాలు మిగులుతాయి. వాటిని ఆ రోజే ఇటుక, సున్నంతో మూయించాలి. సిమెంటు వద్దు. సున్నపు గోడ చెమ్మను పీల్చి వదులుతుంది. దానికి సిమెంటు పూత పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి ఇటుకను తినేస్తుంది.

పని మొదలుకాకముందే ప్రతి గదినీ తేదీ కనిపించేలా ఫోటోలు తీయండి. ఇప్పటికే ఉన్న పగుళ్ళ మీద అడ్డంగా పల్చని గాజుముక్కను రెండు కొసలా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి, పక్కన తేదీ రాయండి. గోడ కదిలితే గాజు పగులుతుంది. ఆ సాక్ష్యాన్ని ఎవరూ కాదనలేరు.

స్వర్ణముఖి ఒడ్డు

శ్రీకాళహస్తి నుంచి. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన మా రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. మా ఊరివాళ్ళం పగులు మాట వింటే ఇప్పటికీ ఉలిక్కిపడతాం. 2017లో కొత్త గోపురం నిలబడింది, దానికీ రోజూ దండం పెట్టుకుంటున్నాం. కానీ మా తాత చూసిన రాయిని మా మనవడు చూడలేడు. గాజుముక్కల మాట తేలికగా తీసుకోకండి.

పుదుచ్చేరి నుంచి

నేను తిరుపతిలో పుట్టి, ఉద్యోగం వల్ల పన్నెండేళ్ళుగా పుదుచ్చేరిలో ఉన్నాను. ఇక్కడి తమిళ వీధుల ఇళ్ళు అచ్చం మన పాత ఊరి ఇళ్ళలాగే ఉంటాయి. ముందు తిన్నె, దాని ముందు వీధివైపు వాలిన చూరు. ఆ నీడను తాళ్వారం అంటారు. వైసియాళ్ వీధిని ఇళ్ళ యజమానులతో కలిసి ఇలాగే బాగుచేస్తే 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. ఒక్కో ఇల్లు గొప్పదని కాదు. వరుసంతా కలిసి ఒక వీధిలా కనిపించింది, అదీ దాని అందం.

ఇక్కడ మా వీధిలో కొత్త కట్టడం వచ్చినప్పుడు మేం చూసుకున్నవి ఇవి. వరుసలోని ఇళ్ళ ముఖాలు ఏ గీత మీద ఉన్నాయో కొత్తది కూడా ఆ గీత మీదే ఉందా? వెనక్కి జరిగి ముందు కార్లు పెట్టుకుంటే వీధికి పన్ను ఊడినట్టు ఉంటుంది. మొదటి అంతస్తు పిట్టగోడ పక్క ఇంటి చూరుతో కలుస్తోందా? కిటికీలు నిలువుగా ఉన్నాయా, లేక గోడ పొడుగునా అద్దాలేనా? పై అంతస్తులు వీధి నుంచి వెనక్కి జరిగాయా?

ఈ చివరిదాన్ని కాగితం మీద తేల్చుకోలేరు. మేం చేసిన పని చెబుతాను. కట్టబోయే ఎత్తుకు సరిపడే వెదురు గడలు రెండు కట్టి, చివర ఎర్రగుడ్డలు వేలాడదీశాం. ఎదుటి తిన్నె మీద కూర్చుని చూశాం. అంతవరకూ "రెండడుగులేగా" అన్నవాళ్ళంతా మాట మార్చారు. మీకైతే మట్ల అనంతరాజు కట్టించిన పెద్ద గోపురం ఉంది. ఏడంతస్తులు, యాభై మీటర్లు. దాని కలశాలు ఏ మలుపు నుంచి ఎన్ని కనిపిస్తున్నాయో ఇప్పుడే లెక్కపెట్టి పెట్టుకోండి.

ఒక్క మనవి. పాతదానికి నకలు కట్టమని మాత్రం అడగకండి. సిమెంటుతో పోతపోసిన యాళీలు (గుడి స్తంభాల మీది సింహాల్లాంటి బొమ్మలు), గుండ్రటి స్తంభాలు అతికిస్తే అది పాతదీ కాదు, కొత్తదీ కాదు. కొత్త ఇల్లు కొత్తగానే ఉండనివ్వండి, పక్కనున్న పెద్దలకు మర్యాద ఇస్తే చాలు.

కట్టినవాణ్ణి

నేను రైల్వే స్టేషను దగ్గర లాడ్జి కట్టాను. అటువైపు కష్టం కూడా చెప్పాలి. పాత ఊళ్ళో స్థలం అంకణం (మన దగ్గరి కొలత) ధర ఎంత పలుకుతోందో మీకు తెలుసు. అప్పు తెచ్చి కొన్నవాడికి ఒక అంతస్తు తగ్గించమంటే వడ్డీ ఎవరు కడతారు? అందుకే ఎత్తు తగ్గించమని ఒక్కసారిగా అనకండి. పై రెండు అంతస్తులు వెనక్కి జరపమనండి, పోయేవి మూడు నాలుగు గదులు. సెల్లారు కార్ల కోసమైతే ఆ సందులోకి కార్లు వచ్చి తిరగగలవా అని ఆయన్నే అడగండి. నా సెల్లారులో వానాకాలమంతా మోటారు నడుస్తూనే ఉంటుంది. దానికయ్యే ఖర్చు లెక్క చెబితే ఆయనే ఆలోచనలో పడతారు.

తేరువీధి కోడలు

అందరికీ నమస్కారాలు. కాగితాలు మళ్ళీ తీసి చూశాను, ఈసారి అర్థమయింది. సెల్లారు గోడ మా గోడకు అడుగున్నర దూరంలో ఉంది! బాల్కనీ స్థలం హద్దు దాటి బయటికి వచ్చిందో లేదో తెలియడం లేదు. నోటిమాట సరిపోతుందా, రాయించుకోవాలా? అత్తయ్యేమో, "మన తిన్నె మీద కూర్చుని మాట ఇచ్చినవాడిని పత్రం రాయమంటే బాగుండదు" అంటోంది.

గానుగసున్నం

రాయించుకోండి అమ్మా. మేస్త్రీలు మారతారు, కాంట్రాక్టర్లు మారతారు, రేపు ఆయనే ఇంకొకరికి అమ్మవచ్చు. పత్రం ఆయన మీద నమ్మకం లేక కాదు, ఆయన తర్వాత వచ్చేవారికోసం అని అత్తయ్యగారికి చెప్పండి. బాల్కనీ కొలత ప్లానులో రోడ్డు హద్దు గీత నుంచి చూడండి. ఒక్క అంగుళం రోడ్డు మీదికి వచ్చినా అది చెల్లదు.

కోటకింద ఇల్లు

ఇంకో మాట. మీకు చూపించిన ప్లానూ, కార్పొరేషనులో మంజూరైన ప్లానూ ఒక్కటేనా అన్నది చూసుకోండి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. మంజూరు కాకముందే మీ అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. పునాది లేచాక ఎవరూ వినరు. తిరుమలలో వేయికాళ్ళ మండపాన్ని 2003లో తొలగించారు. తొలగించాక మనం ఎంత బాధపడ్డా ఆ స్తంభాల వరుస తిరిగి లేవలేదు.

తేరువీధి కోడలు

పద్దెనిమిది రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించండి.

వెదురు గడలు కట్టించాం. ఆయనే మనుషుల్ని పంపారు. సాయంత్రం దీపాల వేళ అత్తయ్య, నేను, ఎదురింటి పూలకొట్టు తాతగారు, ఆయన, నలుగురం ఎదుటి అరుగు మీద కూర్చున్నాం. ఎర్రగుడ్డలు గాలికి ఊగుతున్నాయి. మా మలుపు నుంచి గోపురం మీద ఇప్పుడు పదకొండు కలశాలూ కనిపిస్తాయి. గుడ్డల వెనక నాలుగే మిగిలాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఆయన లేచి, కాసేపు అటూ ఇటూ నడిచి, పూలకొట్టు ముందు నిలబడి మళ్ళీ చూసుకున్నారు. "మా నాన్న నన్ను భుజాన ఎక్కించుకుని ఈ వీధిలోనే తేరు చూపించాడమ్మా" అన్నారు.

నాలుగు, ఐదు అంతస్తులు పన్నెండు అడుగులు వెనక్కి జరిపారు. కలశాలు తొమ్మిది కనిపిస్తాయి. బాల్కనీ తీసేశారు. మలుపు వైపు తిన్నె ఉంచుతామన్నారు, యాత్రికులు కూర్చోవడానికి. కిటికీల విషయంలో మా మాట నెగ్గలేదు, అద్దాలే వస్తున్నాయి. నాకు అది ఇంకా బాధగానే ఉంది. సెల్లారు మానుకోలేదు గాని, మా గోడకు ఆరడుగుల దూరం జరిపి, ముక్కలుగా తవ్వేట్టు స్టాంపు కాగితం మీద రాసిచ్చారు. కార్తీకం దాటాకే తవ్వకం. అత్తయ్య ఆ పత్రాన్ని దేవుడి గూట్లో పెట్టింది.

నిన్న పాత ఇల్లు విప్పడం మొదలుపెట్టారు, చేతిపనితోనే. మధ్యాహ్నం మొదటి దూలం బయటికి వచ్చినప్పుడు మా వంటింట్లో అటక మీది ఇత్తడి బిందె గణగణమంది. పరుగెత్తుకెళ్ళి చూశాను. ద్వారబంధం పైన ఒకటి, పూజగదిలో ఒకటి, మెట్ల కింద ఒకటి, మూడు గాజుముక్కలూ అలాగే ఉన్నాయి.