కోర్టుకెళ్లకుండా మనవల్ని చూసే దారుందా?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. మా అబ్బాయి పోయి రెండేళ్లయింది. కోడలు పిల్లలిద్దర్నీ తీసుకుని కాకినాడలో పుట్టింట్లో ఉంటోంది. మొదట్లో నెలకోసారి పంపేది. పొలం వాటా దగ్గర మా ఆయనకీ వియ్యంకుడిగారికీ మాటా మాటా పెరిగాక ఫోన్ కూడా ఎత్తడం లేదు. (తప్పు మావైపూ ఉంది, ఒప్పుకుంటాను.) సంక్రాంతికి పంపిన ఆత్రేయపురం పూతరేకుల డబ్బా కట్టిన తాడు కూడా విప్పకుండా తిరిగొచ్చింది.

పిల్లల్ని తల్లి దగ్గర్నుంచి లాక్కోవాలని లేదు. నెలకో ఆదివారం కళ్లారా చూస్తే చాలు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ వేయొచ్చనీ, అదీ పిల్లలుండే ఊరి కోర్టులోనేననీ ప్లీడరుగారు అన్నారు. కస్టడీ అడక్కుండా చూసే అవకాశం మాత్రమే అడిగితే కోర్టు వింటుందా? ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఇస్తారు కదా, జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్తే ముందు కోడల్ని పిలిచి రాజీ మాట్లాడతారా? నేరుగా నోటీసు వెళ్తే ఉన్న కాస్త దారీ మూసుకుపోతుందని నా టెన్షన్. పెద్దాడికి తొమ్మిదేళ్లు, వాడి ఇష్టం జడ్జిగారు అడుగుతారా? ఇలా మనవల్ని చూడగలుగుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.